మేకుల కొట్టువాళ్లు కొట్టించిన అరపెన్నీలు

1815 నాటి ఒక రాగి బిళ్ళ మీద రాజుగారి తల ఉండాల్సిన చోట పీపా బొమ్మ ఉంటుంది. ఆ పీపా మీద చిన్న అక్షరాలతో పెద్ద మేకులు, చిన్న మేకులు వగైరా అని ఉంటుంది. చుట్టూ చూస్తే, హాలిఫాక్స్‌లోని మైల్స్ డబ్ల్యూ. వైట్ దుకాణంలో దీనికి డబ్బు చెల్లిస్తాం అని. మేకులు అమ్మే మనిషి తన పేరుతో డబ్బు కొట్టించుకుంటే ఊరంతా దాన్ని తీసుకుని వాడేసింది.

వ్యాపారులు నాణేల బదులు కొట్టించిన ఇలాంటి బిళ్ళల్ని టోకెన్లు అంటారు. వాటి గురించి మాట్లాడేటప్పుడు అందరూ చెప్పే కారణం ఒకటే, చిల్లర కొరత. అది నిజమే, కానీ సగమే. చిల్లర కొరత బట్టల వ్యాపారికీ ఉంది, మందుల షాపుకీ ఉంది, రొట్టెలు కాల్చేవాడికీ ఉంది. మరి రేవు పట్టణాల్లో టోకెన్ మీద కనిపించే పేర్లలో ఇనుప సామాన్ల వాళ్లు, ఓడ సామాన్ల వాళ్లు ఇంతమంది ఎందుకున్నారు? దానికి సమాధానం వాళ్ల సరుకులో ఉంది, ఆ సరుకు ఎక్కడి నుంచి వచ్చేదో అందులో ఉంది.

ముందు హాలిఫాక్స్ సంగతి. ఇప్పటి కెనడాలో, నోవా స్కోషియా తీరాన ఉన్న ఈ ఊరు బ్రిటిష్ నౌకాదళానికి పెద్ద స్థావరం. 1812లో అమెరికాతో యుద్ధం మొదలయ్యాక ఊరు ఒక్కసారిగా నిండిపోయింది. సైనికులు, నావికులు, పట్టుబడిన శత్రు ఓడలు, ఆ ఓడల్లోని సరుకుల వేలాలు. 1813 జూన్ 1న బోస్టన్ దగ్గర హెచ్.ఎం.ఎస్. షానన్ అనే బ్రిటిష్ యుద్ధనౌక చెసపీక్ అనే అమెరికన్ నౌకను పావుగంట లోపలే లొంగదీసి హాలిఫాక్స్‌కి తీసుకొచ్చింది. ఆ షానన్ కెప్టెన్ బ్రోక్ ముఖంతో కూడా 1814 తేదీ ఉన్న రాగి టోకెన్ వచ్చింది, గెలుపు వేడి చల్లారకముందే దాన్ని చిల్లరగా మార్చేశారన్నమాట. ఓడలు ఎన్ని ఎక్కువ వస్తే అన్ని తాళ్లు, తెరచాప గుడ్డ, తారు, కప్పీలు, లంగరు గొలుసులు, లాంతర్లు, రాగి మేకులు కావాలి. వ్యాపారం ఊపందుకుంది, చేతిలో చిల్లర మాత్రం లేదు.

ఎందుకు లేదంటే, లండన్‌లోని టంకసాలకి వలస రాజ్యాల చిల్లర అనేది అసలు పట్టించుకోవాల్సిన పని అనిపించలేదు. పెద్ద మొత్తాలు స్పానిష్ వెండి డాలర్లలో నడిచేవి. లెక్క మాత్రం హాలిఫాక్స్ కరెన్సీ అనే ఊహా పద్దతిలో రాసేవాళ్లు. ఒక స్పానిష్ డాలరు అంటే 5 షిల్లింగులు, అంటే 60 పెన్నీలు, అంటే 120 అరపెన్నీలు. ఈ లెక్క పుస్తకంలో ఉంటుంది గానీ ఆ 120 అరపెన్నీలు చేతికి ఎక్కడ దొరుకుతాయి? అరిగిపోయి మొహం కూడా కనిపించని పాత ఇంగ్లిష్ రాగి నాణేలు, వాటికి నకళ్లు, నకళ్లకి నకళ్లు, బొత్తాముల్లాంటి నున్నటి బిళ్ళలు, ఇవే చలామణీ.

అప్పుడే కొందరు వ్యాపారులు తమ సొంత అరపెన్నీలు తెప్పించుకున్నారు. 1813 నుంచి 1816 దాకా హాలిఫాక్స్‌లో ఇది వరసగా జరిగింది. కారిట్ అండ్ ఆల్పోర్ట్, స్టార్ అండ్ షానన్, మైల్స్ వైట్, హోస్టర్‌మన్ అండ్ ఎటర్, బ్లాక్ సోదరులు. డబ్ల్యూ.ఎ. అండ్ ఎస్. బ్లాక్ వాళ్ల 1816 టోకెన్ మీదైతే టోకు, చిల్లర ఇనుప సామాన్ల దుకాణం అని నేరుగా రాసేసి ఉంటుంది. (స్టార్ అండ్ షానన్ లోని షానన్‌కీ, ఆ యుద్ధనౌకకీ సంబంధం లేదు, అది భాగస్వామి ఇంటిపేరు.)

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. మేకులు, బందులు, తాళాలు, గొళ్లేలు, చేపల గాలాలు, ఇవన్నీ ఆ రోజుల్లో ఎక్కడ తయారయ్యేవి? ఎక్కువ భాగం ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో, దాని చుట్టుపక్కల ఊళ్లలో. టోకెన్లు ఎక్కడ కొట్టేవాళ్లు? అదే బర్మింగ్‌హామ్‌లో. బొత్తాములు కొట్టే అచ్చుల పని, నాణేలు కొట్టే అచ్చుల పని అక్కడ పక్కపక్క వీధుల్లో నడిచేవి. కాబట్టి హాలిఫాక్స్ ఇనుప సామాన్ల వ్యాపారికి టోకెన్ తెప్పించుకోవడం కొత్త సాహసం కాదు. అక్కడ అతనికి ముందే ఏజెంటు ఉన్నాడు, అప్పు పెట్టే ఖాతా ఉంది, బరువైన లోహపు సరుకు పీపాల్లో కుక్కి ఓడెక్కించే అలవాటు ఉంది. మేకుల ఆర్డరులో ఇంకొక వరస చేరుస్తే సరిపోయింది. బట్టల వ్యాపారి ఇదే పని చెయ్యాలంటే తెలియని ఊళ్లో తెలియని మనుషుల్ని వెతుక్కోవాలి. కొందరు వెతుక్కున్నారు కూడా, అది వేరే సంగతి. కానీ దారి ముందే వేసి ఉన్నది మాత్రం ఇనుము అమ్మేవాడికే.

ఇదే ఊరి పనితనం తెలుగు నేలకీ వచ్చింది. 1794, 1797 తేదీలతో ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కోసం రాగి నాణేలు కొట్టించింది, రూపాయికి 48 అని ఇంగ్లిషులో వాటి మీదే రాసి ఉంటుంది. అవి తయారైంది బర్మింగ్‌హామ్ పక్కన సోహోలో, మాథ్యూ బౌల్టన్ ఆవిరి యంత్రాల మీద. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా సంతల్లో తిరిగిన ఆ పైసలూ, హాలిఫాక్స్ రేవులో తిరిగిన అరపెన్నీలూ ఒకే ఊరి పరిశ్రమ సరుకు. తేడా ఏంటంటే, ఇక్కడ నాణెం కొట్టించినది రాజ్యం ఏలుతున్న కంపెనీ, అక్కడ కొట్టించినది మేకుల కొట్టు.

డబ్బు లెక్క కూడా చూడాలి, ఎందుకంటే ఇదంతా ప్రజాసేవ అనుకుంటే పొరపాటే. 1806లో ఇంగ్లండ్ ప్రభుత్వం కొట్టిన అరపెన్నీలు పౌను (ఇది తూకం పౌను) రాగికి 48 వచ్చేవి, అంటే పౌను రాగికి రెండు షిల్లింగుల ముఖ విలువ. ప్రైవేటు టోకెన్లు చాలావరకు అంతకంటే తేలిక. ఉదాహరణకి పౌనుకి 60 కొట్టించారు అనుకుందాం, అదే రాగి రెండున్నర షిల్లింగులు అయిపోతుంది. ఇందులో ఒక మెలిక ఉంది, వ్యాపారి బర్మింగ్‌హామ్‌కి కట్టేది స్టెర్లింగ్‌లో, అంటే ఇంగ్లండ్ డబ్బులో, హాలిఫాక్స్‌లో టోకెన్ చెల్లేది అక్కడి కరెన్సీలో. అదే డాలరు స్టెర్లింగ్‌లో నాలుగున్నర షిల్లింగులు, హాలిఫాక్స్‌లో అయిదు. అంటే ముఖ విలువలో పదోవంతు అక్కడే కరిగిపోతుంది. ఓడ కిరాయి, బీమా అదనం. ఇవన్నీ పోయాక మిగిలేది బిళ్ళ ఎంత పల్చగా కొట్టించారు అన్నదాన్ని బట్టే ఉంటుంది. బిళ్ళ బరువు తగ్గించాలన్న ఆశ వ్యాపారికి ఎప్పుడూ ఎందుకుంటుందో ఈ లెక్కలోనే తెలిసిపోతుంది.

అసలు లాభం ఇంకొకటి కూడా ఉంది. టోకెన్ బయట తిరుగుతున్నంత కాలం అది వ్యాపారికి వడ్డీ లేని అప్పు. తిరిగి రాకుండా నేలలోనో, నీళ్లలోనో, దూరపు ఊళ్లోనో పోయినవి పూర్తిగా అతని సొమ్మే. రేవు పట్టణంలో ఇలా పోయేవి ఎక్కువ, ఎందుకంటే నావికుడి జేబులో పడిన బిళ్ళ ఓడతో పాటు వెళ్లిపోతుంది.

ఇక్కడ చాలామంది ఒక చిత్రం ఊహించుకుంటారు. ఓడ కెప్టెన్ వచ్చి లంగరు గొలుసు కొని టోకెన్ల మూట కుమ్మరిస్తున్నట్టు. అలా జరగదు. ఓడకి సామాను అంటే పెద్ద బిల్లు. అది ఖాతాలో రాసుకుంటారు, ఓడ యజమాని మీద హుండీ (ఫలానా తేదీకి చెల్లించమనే పత్రం) రాస్తారు, నెలల తర్వాత తీరుతుంది. టోకెన్ పని కౌంటరు దగ్గర, చిన్న గిరాకీతో. నాలుగు గాలాలు కావాల్సిన జాలరి, గుప్పెడు మేకులు కావాల్సిన వడ్రంగి, సూదీ మైనమూ కొనుక్కునే తెరచాపలు కుట్టే మనిషి. ఓడ సామాన్ల కొట్టులో ఒకే కప్పు కింద ఈ రెండు రకాల వ్యాపారాలూ నడిచేవి, వేల పౌన్ల అప్పు ఖాతాలు ఒక పక్క, అరపెన్నీ బేరాలు ఇంకో పక్క. పెద్ద బేరాల వల్ల ఆ పేరుకి ఊళ్లో పరపతి. ఆ పరపతిని ఆసరా చేసుకునే అరపెన్నీ బిళ్ళ నడిచింది. రేవులో ఫలానా వాళ్ల గోడౌన్ ఎంత పెద్దదో అందరికీ తెలుసు కాబట్టి, వాళ్ల బిళ్ళని పక్కింటి రొట్టెల కొట్టువాడు కూడా మారుమాట లేకుండా తీసుకునేవాడు.

అందుకే ఈ టోకెన్లలో బొమ్మ కంటే రాత ముఖ్యం అనిపిస్తుంది. ఫలానా వారి దుకాణంలో చెల్లిస్తాం అని చిరునామాతో ఉన్న బిళ్ళ ఒక మాట ఇస్తోంది. వాణిజ్యం వర్ధిల్లాలి, నౌకాయానానికి జయం లాంటి నినాదంతో, ఎవరి పేరూ లేకుండా వచ్చిన బిళ్ళ ఏ మాటా ఇవ్వడం లేదు. అలాంటివి కూడా అవే ఏళ్లలో, అవే ఓడల్లో కుప్పలుగా వచ్చాయి. మన కిరాణా కొట్లో చిల్లర లేదని చేతిలో చాక్లెట్ పెడితే, అదే చాక్లెట్ తిరిగి ఇచ్చి సరుకు కొనబోతే ఏమవుతుందో తెలిసిందే కదా, పేరులేని టోకెన్‌దీ అదే పరిస్థితి. అది చేతులు మారుతున్నంత కాలం బానే ఉంటుంది, చివర ఎవరి చేతిలో ఆగిందో వాడు మునుగుతాడు.

యుద్ధం ముగిశాక హాలిఫాక్స్ చల్లబడింది. సైన్యం వెళ్లిపోయింది, వేలాలు ఆగాయి, బిళ్ళలు మాత్రం అక్కడే ఉండిపోయాయి. 1817లో నోవా స్కోషియా ప్రభుత్వం ప్రైవేటు టోకెన్లన్నీ మూడేళ్లలో చలామణీ నుంచి తప్పుకోవాలని ఆదేశించింది. చిరునామా ఉన్నవాటిని పట్టుకెళ్లి అడగడానికి మనిషి ఉన్నాడు, లేనివాటికి ఎవరూ లేరు.

ఆ ఖాళీలోకి 1823లో ప్రభుత్వమే సొంత రాగి అరపెన్నీలతో దిగింది, ఒక పక్క నాలుగో జార్జి తల, రెండో పక్క స్కాట్లండ్ ముళ్ల పువ్వు. ఇక గందరగోళం తీరిపోయిందా అంటే లేదు. 1832లో మళ్లీ కొట్టించినప్పుడు పాత నమూనాలాగే చెయ్యమన్నట్టున్నారు, రెండేళ్ల కిందట చనిపోయిన నాలుగో జార్జి తలే మళ్లీ వచ్చింది, సింహాసనం మీద అప్పటికి నాలుగో విలియం ఉన్నాడు. ఆ 1832 నాణేలకి నకిలీలు వచ్చాయి. ఒక నకిలీ అచ్చు చెక్కినవాడు అంకెలు తారుమారు చేసి 1382 అని చెక్కాడు. కొలంబస్ పుట్టకముందే నోవా స్కోషియా అరపెన్నీ! అదీ చలామణీ అయింది. అంకెలు చదివి చిల్లర తీసుకునేంత తీరిక ఎవరికీ లేదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

పశ్చిమాన సెయింట్ లారెన్స్ నది మీద మాంట్రియల్ కథ కాస్త తర్వాత మొదలై ఇంకా చిక్కుగా నడిచింది. అక్కడి టోకెన్లలో ఓడ సామాన్లు అనే మాట స్పష్టంగా ఉన్నది ఫ్రాన్సిస్ మలిన్స్ అండ్ సన్ వాళ్లది. ఓడ సామాన్లు వగైరా దిగుమతిదారులు అని ఒక వైపు, తెరచాపలెత్తిన ఓడతో వాణిజ్య టోకెన్ అని ఇంకో వైపు. తేదీ లేదు. ఇంత చెల్లిస్తాం అన్న మాటా లేదు. హాలిఫాక్స్ బిళ్ళల్లో ఉన్న హామీ ఇక్కడికి వచ్చేసరికి విజిటింగ్ కార్డుగా మారిపోయింది. ఇదే ఊళ్లో తాళ్లు పేనే కార్ఖానా పెట్టుకున్న ఆర్.డబ్ల్యూ. ఓవెన్ కూడా మాంట్రియల్ రోపరీ పేరుతో ఓడ బొమ్మ టోకెన్ కొట్టించాడు. అది కెనడా టోకెన్లలో అతి అరుదైనవాటిలో ఒకటి, సేకరణ చేసేవాళ్లలో చాలామంది దాన్ని బొమ్మలోనే చూస్తారు. క్విబెక్ ఎగువ పట్టణంలో జె. షా అండ్ కంపెనీ, అదీ ఇనుప సామాన్ల దిగుమతిదారులే.

తేదీ లేకపోవడానికి వెనక చట్టం ఉంది. 1825లో దిగువ కెనడా (మాంట్రియల్, క్విబెక్ ఉన్న వలస రాజ్యం) శాసనసభ ప్రైవేటు టోకెన్ల దిగుమతిని ఆపే చట్టం చేసింది. చట్టంలో సందులున్నాయి, వ్యాపారులకి ఆ సందులు కనిపించాయి. అప్పటికే చలామణీలో ఉన్నవాటి జోలికి ఎవరూ రారు కాబట్టి, కొత్తగా కొట్టించిన బిళ్ళ మీద పాత తేదీ వేస్తే సరి. 1820 తేదీతో ఒక తల, ఒక వీణలాంటి హార్ప్ బొమ్మ ఉన్న టోకెన్లు అలాంటివే, చట్టం వచ్చాక కొట్టించి వెనక తేదీ వేసినవి. 1811 అని, వెక్సాటర్ (వేధించేవాడు) అనే లాటిన్ మాటతో ఉన్న టోకెన్ కూడా అంతే. కొందరు అసలు తేదీయే వెయ్యలేదు. ఈ టోకెన్ల మీద ఉన్న సంవత్సరాన్ని చరిత్రకి సాక్ష్యంగా తీసుకునే ముందు ఒకసారి ఆగాలి అని పాతవాళ్లు చెప్పేది ఇందుకే.

మాంట్రియల్ బిళ్ళల్లో బాగా దొరికేదీ, వెనక మంచి కథ ఉన్నదీ టి.ఎస్. బ్రౌన్ అండ్ కంపెనీది. ఇనుప సామాన్ల దిగుమతిదారులు అని ఒక వైపు, దాగలి, పార, కొడవలి లాంటి పనిముట్లు ఇంకో వైపు. ఓడ లేదు, కిరీటం లేదు, దుకాణంలో ఏం దొరుకుతుందో అదే బొమ్మ. ఈ థామస్ స్టారో బ్రౌన్ 1803లో న్యూ బ్రన్స్‌విక్‌లో పుట్టి, 1818లో మాంట్రియల్ వచ్చి ఇనుప సామాన్ల వ్యాపారంలో స్థిరపడ్డాడు. 1830ల మధ్యలో దివాళా తీశాడు. తర్వాత రాజకీయాల్లోకి దిగి బ్రిటిష్ పాలన మీద తిరగబడిన పేట్రియట్ల పక్షాన చేరాడు. 1837 నవంబరు 6న మాంట్రియల్ వీధుల్లో జరిగిన కొట్లాటలో దెబ్బలు తిని ఒక కంటి చూపు పోగొట్టుకున్నాడు. అదే నెల 25న సెయింట్ చార్ల్స్ దగ్గర తిరుగుబాటుదారులకి సేనాని అతనే. ఓడిపోయారు, అతను సరిహద్దు దాటి అమెరికా పారిపోయాడు, క్షమాభిక్ష వచ్చాక 1844లో తిరిగొచ్చి 1888 దాకా బతికాడు. సేనానిగా అతని తీరు మీద విమర్శలు చాలా ఉన్నాయి, యుద్ధం మధ్యలో పారిపోయాడన్న మాట చివరిదాకా వెంటాడింది. గమ్మత్తు ఏంటంటే, కంపెనీ మునిగాక కూడా, దాని యజమాని రాజద్రోహిగా వేరే దేశంలో ఉండగా కూడా, అతని రాగి బిళ్ళలు మాంట్రియల్ సంతల్లో తిరుగుతూనే ఉన్నాయి. చెల్లిస్తాం అన్న హామీ దాని మీద మొదటి నుంచీ లేదు కాబట్టి కంపెనీ పోవడం వల్ల పోయిందేమీ లేదు. జనం దాన్ని రాగి ముక్కగా, అరపెన్నీ సైజులో ఉన్న వస్తువుగా తీసుకున్నారు, అంతే.

అయితే ఇలా ఏది పడితే అది తీసుకోవడానికీ ఒక హద్దు ఉంటుంది. 1830ల మధ్యకి మాంట్రియల్‌లో చెత్త రాగి ఎంత పేరుకుపోయిందంటే, బ్యాంకులు దాన్ని లెక్కపెట్టి కాదు, తూకం వేసి మాత్రమే తీసుకుంటామన్నాయి. పౌనుకి 60 లెక్కన కొట్టించిన బిళ్ళకీ, పౌనుకి 90 వచ్చే రేకు బిళ్ళకీ తేడా కౌంటరు మీద కనిపించదు, తక్కెడలో కనిపిస్తుంది. తర్వాత బ్యాంకులే సొంత సూలు (అరపెన్నీకి అక్కడి ఫ్రెంచివాళ్ల పేరు సూ), అరపెన్నీలు కొట్టించాయి. 1837లో వచ్చిన, గ్రామీణుడి బొమ్మ ఉన్న బ్యాంకు టోకెన్లు మంచి బరువుతో ఉండేవి. 1858లో దశాంశ నాణేలు వచ్చాక ఇనుప కొట్టు పేరుతో డబ్బు నడిచే కాలం అక్కడ క్రమంగా ముగిసింది.

ఓడ బొమ్మ గురించి ఒక్క మాట. టోకెన్ మీద ఓడ ఉంటే కొట్టించినవాడు ఓడల వ్యాపారి అనుకోకూడదు. అది అచ్చుల వాళ్ల దగ్గర సిద్ధంగా ఉండే బొమ్మ, ఎవరికైనా అంటించేవాళ్లు. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్‌లో బాగా నడిచిన ఓడలు, వలసలు, వాణిజ్యం అనే నినాదపు టోకెన్లలో పదుల కొద్దీ రకాలున్నాయి, అన్నిటి మీదా ఓడే. వాటిలో ఒక రకం మీద అచ్చులు చెక్కిన న్యూయార్క్ సంస్థ రైట్ అండ్ బేల్ పొడి అక్షరాలు కూడా ఉంటాయి. పనిముట్లు, పీపా, దుకాణం పేరు, ఇవి ఆధారం అవుతాయి. ఓడ ఒక్కటే అయితే కాదు.

అమెరికాలో ఇదే వ్యవహారం అంతర్యుద్ధంలో ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. 1862లో జనం లోహపు డబ్బంతా దాచేసుకోవడంతో ఒక సెంటు సైజు టోకెన్లు కోట్లలో వచ్చాయి. న్యూయార్క్‌లో లిండెన్‌ముల్లర్ అనే బీరు వ్యాపారి పది లక్షలకి పైగా కొట్టించాడు. ఒక ట్రామ్ కంపెనీ తమ దగ్గర పోగైనవి పట్టుకెళ్లి మార్చమంటే అతను నవ్వి పంపేశాడని చెబుతారు. 1864లో చట్టం ప్రైవేటు నాణేలని నిషేధించింది. హాలిఫాక్స్‌లో 1817లో జరిగిందే, యాభై ఏళ్లు కూడా తిరక్కుండానే, అదే వరసలో మళ్లీ జరిగింది. ముందు కొరత, తర్వాత వరద, తర్వాత ఎవరు చెల్లిస్తారన్న గొడవ, చివర చట్టం.

ఆస్ట్రేలియాలో మటుకు ఒక విచిత్రమైన పేరు కనిపిస్తుంది. మెల్‌బోర్న్‌లో రాబర్ట్ హైడ్ అండ్ కంపెనీ 1857లోనూ, మళ్లీ 1861లోనూ పెన్నీ టోకెన్లు కొట్టించింది. రేవు పాత సామాన్ల వ్యాపారం వీళ్లది. గుడ్డ పేలికలు, గాజు, లోహాలు వగైరా ఓడల్లో ఎగుమతి చేస్తాం అని టోకెన్ మీదే ఉంది. బంగారం వేటలో నిండిపోయిన ఆ ఊళ్లో కూడా చిల్లర లేదు, టోకెన్లే దిక్కు. 1863లో విక్టోరియా వలస ప్రభుత్వం వాటిని ఆపేసింది. అప్పుడు ఊళ్లోని టోకెన్లన్నీ మళ్లీ పాత రాగి అయిపోయాయి, పాత రాగిని కొని ఓడెక్కించడమే హైడ్ కంపెనీ పని.